నలభై అయిదు మీటర్ల భూమి

ఆ ఎండాకాలం మొదటి ఆదివారం లైబ్రరీ మేడ మీద హాల్లో మా నాన్న ఉపన్యాసానికి వచ్చిన జనం అయిదుగురు. అందులో నేనొకదాన్ని, కాబట్టి నన్ను లెక్కలోంచి తీసెయ్యాలి. ఇద్దరు ఫ్యాను గాలి కోసం వచ్చారు. ఒకాయన పేపర్లు చదివే గదికి వెళ్లబోయి పొరపాటున మేడెక్కి, మధ్యలో లేస్తే బాగుండదని మొహమాటంతో ఇరుక్కుపోయాడు. మిగిలింది ప్రశ్నల బామ్మ. లైబ్రరీ వెనక సందులో ఉండే ఆవిడ ఏ మీటింగు పెట్టినా వస్తుంది, కూర్చోగానే కునుకు తీస్తుంది, ఆఖర్న కళ్లు తెరిచి ఒకే ఒక్క ప్రశ్న వేసి చెప్పేవాళ్లని ఇరకాటంలో పెడుతుంది.

నాన్న కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాడు. శిష్యులు చాటుగా 'సున్నాల మాస్టారు' అనేవాళ్లు. ఆ రోజు కూడా ఆ పేరు నిలబెట్టుకున్నాడు. భూమి వయసు పెద్ద పెద్ద అంకెలతో మొదలుపెట్టి, సున్నా పక్కన సున్నా పెట్టుకుంటూ పోయి, చివరి సున్నా బోర్డు చట్రం మీద గీశాడు.

"అర్థమైంది కదా?" అని వెనక్కి తిరిగాడు.

బామ్మ కళ్లు తెరిచింది. "బోర్డు చాలకపోతే ఏం చేస్తావు నాయనా?"

ఫ్యాను గాలికి వచ్చినవాళ్లిద్దరూ కిసుక్కున నవ్వారు. నాన్న సుద్దముక్క జేబులో వేసుకుని చేతులు దులుపుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. బామ్మ మీద కాదు, నాన్న మీదే. ఇంట్లో ఇవే సంగతులు కథలు కథలుగా చెప్పే మనిషి, నలుగురి ముందు నిలబడేసరికి కొయ్యబారిపోతాడు.

జనం వెళ్లిపోయాక లైబ్రేరియన్ వచ్చాడు. "మాస్టారూ, మీరేమీ అనుకోకండి," అని మొదలుపెట్టాడు. అలా మొదలుపెట్టాడంటే అనుకోవలసిందేదో వస్తోందన్నమాట. "ఈ హాలు కావాలని టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు నా ప్రాణం తీస్తున్నారు. నలుగురి కోసం హాలు తెరిచి ఫ్యాన్లు తిప్పుతున్నావేంటని పైవాళ్లు అడిగితే నా దగ్గర సమాధానం లేదు. ఎండాకాలం ఆఖరి ఆదివారానికి హాలు నిండిందా, మీ ఆదివారాలు మీవే. నిండలేదా, ఇక నన్ను ఇబ్బంది పెట్టకండి."

"అలాగేనండీ," అన్నాడు నాన్న.

రిటైరయ్యాక మొదటి ఏడాది నాన్న ఎలా ఉన్నాడో నాకు తెలుసు. పొద్దున్నే లేచి చొక్కా తొడుక్కుని, ఎక్కడికీ వెళ్లనక్కర్లేదని గుర్తొచ్చి, మళ్లీ విప్పేసేవాడు. ఈ ఆదివారాలు మొదలయ్యాకే మళ్లీ మనిషయ్యాడు. ఇవి కూడా పోతే ఆయన ఏమైపోతాడోనని ఇంటికి వచ్చే దారంతా నాకు ఒకటే దిగులు.

మా ఇంట్లో ఇంకో సంగతి ఉంది. అమ్మ టైలరు. బస్సు డిపోలో డ్రైవర్లకీ కండక్టర్లకీ మెకానిక్కులకీ ఖాకీ బట్టలు కుట్టేది ఆవిడే. ఏళ్ల తరబడి ముందుగదిలో కిటికీ పక్కన ఉన్న కుట్టు మిషను, నాన్న రిటైరైన వారానికే వెనక వరండాకి వెళ్లిపోయింది. ఆ చప్పుడుకి ఆయన ఆలోచన చెదిరిపోతుందట. అమ్మ గొడవపడలేదు. వరండాలో వెలుతురు తక్కువ, అంతే, అంది. ఆ ఒక్క మాట మాత్రం రోజుకోసారి అనేది.

ఆ సాయంత్రం నాన్న పడక్కుర్చీలో కూలబడ్డాడు. నేనే కదిపాను. నేను అదే డిపోలో ఎంక్వయిరీ కిటికీ దగ్గర పనిచేస్తాను. పొద్దస్తమానం జనానికి జవాబు చెప్పడమే నా ఉద్యోగం.

"నాన్నా, నా కిటికీ దగ్గరికి వచ్చినవాడెవడైనా బస్సుల చరిత్ర అడుగుతాడా? నా బస్సు ఎక్కడుంది, ఎప్పుడొస్తుంది, ఇంతే. నువ్వేమో వచ్చినవాడికి టైంటేబులంతా అప్పజెప్తున్నావు. ఆ సున్నాల్లో తనెక్కడున్నాడో వాడికేం తెలుస్తుంది?"

"సైన్సంటే గారడీ కాదమ్మాయ్."

"గారడీ చెయ్యమన్నానా? మనిషితో మాట్లాడమన్నాను."

నాన్న మొహం తిప్పుకున్నాడు. వెనక వరండాలోంచి అమ్మ కేకేసింది. "ఏవండీ, ఒకసారి ఇటొచ్చి ఈ కాగితం పట్టుకోండి. గాలికి నిలవట్లేదు."

ఆయన విసుక్కుంటూ వెళ్లాడు. అమ్మ బల్ల మీద చొక్కా కత్తిరించే కాగితపు అచ్చు పరిచి, దాని మీద ఇంకో కాగితం వేసి గీస్తోంది. ఎవరో లావుపాటి కండక్టరుకట. నాన్న కొస పట్టుకుని నిలబడ్డాడు. కాసేపటికి ఆయన చూపు కాగితం అంచున ఒకచోట ఆగింది.

"ఇదేంటోయ్, ఇక్కడ గాటు?"

"అదా? మీ నాన్నగారికి జేబు గడియారం ఉండేది కదా, దాని గొలుసు కోసం పెట్టాను. ఈ అచ్చులన్నీ ఆయన చొక్కా అచ్చు మీంచి వచ్చినవే. ఒకళ్లకి పొట్ట దగ్గర పెంచుతాను, ఒకళ్లకి భుజం దగ్గర తగ్గిస్తాను. కొత్త మనిషి వచ్చినప్పుడల్లా కొత్తగా గీస్తూ కూర్చుంటే తెల్లారినట్టే. ఆ గాటు అలా వస్తూనే ఉంది."

"ఇప్పుడు దానితో పనేం లేదు కదా?"

"ఏమీ లేదు. తియ్యాలని ఎవరికి గుర్తుంటుంది?"

నాన్న కాగితం వదిలేశాడు. అది ఎగిరిపోయి కింద పడింది. అమ్మ తిట్టబోయి ఆయన మొహం చూసి ఆగిపోయింది. "మన వెన్ను చివర తోక ఎముక ఉందే!" అన్నాడాయన, ఎవరితో అంటున్నాడో తెలియకుండా. "దాని సంగతి ఎన్ని ఆదివారాలు బోర్డు మీద గీసి చచ్చానో! ఇక్కడ నా ఇంట్లోనే ఉంది."

ఆ పై ఆదివారం నాన్న అమ్మ అచ్చులన్నీ చుట్ట చుట్టి పట్టుకెళ్లాడు. తాతయ్య చొక్కా అచ్చు గోడకి అంటించి, దాని పక్కన కండక్టర్ల అచ్చులు వరసగా పెట్టి, "ప్రకృతి కూడా మా ఆవిడలాగే పనిచేస్తుంది. ఉన్నదాన్నే సర్దుకుంటుంది," అని మొదలుపెట్టాడు. మన చెయ్యి, గబ్బిలం రెక్క, తిమింగలం ఈత రెక్క, మూడింట్లోనూ అవే ఎముకలు, ఒకచోట సాగదీసి ఒకచోట కుదించి. ఒకే అచ్చు. అయితే సర్దేటప్పుడు ఎవరూ ముందే అనుకుని గియ్యరనీ, పుట్టే పిల్లల్లో వచ్చే చిన్న చిన్న తేడాల్లో ఆ చోటికి నప్పినవి నిలుస్తాయనీ కూడా చెప్పాడు. ఆ మాట చెప్పకపోతే నిద్ర పట్టని మనిషి ఆయన. గాటు దగ్గరికి వచ్చేసరికి హాల్లో నవ్వులే నవ్వులు. డిపో నుంచి నేను లాక్కొచ్చిన మెకానిక్ బాబాయ్ తన చొక్కా విప్పి లోపల గాటు వెతుక్కున్నాడు.

బామ్మ ఆ రోజు నిద్రపోలేదు. నాకది చాలు.

తర్వాతి వారం బస్సు బ్రేకు వేస్తే మనిషి ముందుకెందుకు తూలుతాడో మెకానిక్ బాబాయే నిలబడి తూలి చూపించాడు, నాన్న కారణం చెప్పాడు. ఆ పై వారం నక్షత్రాల వెలుగు. కిటికీ దగ్గర నేను చెప్పే కబురూ పాతదే కదా. డ్రైవరు ఫోను చేసినప్పుడు బస్సు ఎక్కడుందో అది చెప్తాను, ఇప్పుడెక్కడుందో నాకేం తెలుసు? నక్షత్రం పంపిన వెలుగూ అంతే, బయల్దేరినప్పటి కబురే మోసుకొస్తుంది, అన్నాడు నాన్న. నాకు ఎంత గర్వంగా అనిపించిందో! జనం పెరుగుతున్నారు. అయినా హాలు సగం ఖాళీ. లైబ్రేరియన్ తలుపు దగ్గర నిలబడి కుర్చీల వంక చూసి వెళ్లిపోయేవాడు.

ఆఖరి ఆదివారానికి భూమి కథ మొత్తం చెప్పాలని నాన్న పట్టు. మళ్లీ సున్నాలొస్తాయేమోనని నా భయం. భోజనాల దగ్గర నేను తల పట్టుకుంటే అమ్మ అడిగింది: "మీ భూమి పొడుగెంతండీ?"

"పొడుగేంటోయ్, వయసు."

"వయసుకి పొడుగుండదా? గుడ్డ మీద కొలిచి చూపిస్తే పోలా?"

నాన్న అన్నం కలపడం ఆపేశాడు. పది కోట్ల ఏళ్లకి ఒక మీటరు చొప్పున వేస్తే నలభై అయిదు మీటర్ల పైచిలుకు వచ్చింది. "అంత పొడుగు హాల్లో ఎక్కడ పడుతుంది?" అన్నాను.

"వీధిలోంచి మొదలుపెట్టి మెట్ల మీదుగా పైకి తెస్తే సరి," అంది అమ్మ. "మీటరుకో మనిషి పట్టుకుంటాడు. చేతిలో గుడ్డ పెట్టాక మధ్యలో లేచి ఎవడు వెళ్తాడు? కింద పారేసి పోలేడు కదా."

మా అమ్మ బుర్రకి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

వారం రోజులు ఇల్లు ఇల్లులా లేదు. అమ్మ మిగులు గుడ్డలన్నీ బయటికి తీసింది. జీవం లేని మొదటి మీటర్లకి నల్ల లైనింగ్ గుడ్డ. ఆ తర్వాత ఖాకీ.

"ఇక్కణ్ణించి ఎంత దాకా ఖాకీ?"

"జంతువులొచ్చేదాకా. ముప్ఫై మీటర్ల చిల్లర," అన్నాడు నాన్న.

"అంత పొడుగునా ఏమీ లేదా?"

"ఎందుకు లేదు? సూక్ష్మజీవులున్నాయి. మనం పీల్చే గాలి తయారుచేసింది వాటిలోవే."

"కంటికి కనబడనివాటికి ముప్ఫై మీటర్లా! పోనీ మధ్యలో ఒక పువ్వు కుట్టనా?"

"పువ్వులు రావడానికి ఇంకా చాలా ఉంది. నువ్వు తొందరపడకు."

నాన్నకి ఇంకో బెంగ. ముక్క ముక్కకీ అతుకు వేస్తే గుడ్డ లోపలికి పోయి ఏళ్లు తగ్గిపోతాయేమోనని. అమ్మ నవ్వింది. "అతుకులకి వదిలేది కలుపుకునే కోశాను. ఆ మాత్రం తెలీదా నాకు?" మార్కులు నేను సుద్దతో గీశాను, వాటి మీద అమ్మ రంగు దారాలు కుట్టింది. చేపలకి నీలం, నేల మీది మొక్కలకి ఆకుపచ్చ, డైనోసార్లకి ముదురు పసుపు. ఆఖరి అంచున, మూడే మిల్లీమీటర్ల మేర, మనిషి. దానికి ఎర్రదారం. నాన్న ఆ ఎర్రగీత వంక చాలాసేపు చూశాడు. తర్వాత అమ్మ చుట్ట చుట్టి సంచిలో పెట్టేసింది.

ఆఖరి ఆదివారం పొద్దున నేను డిపో మైకులో బస్సుల కబుర్ల మధ్య మధ్య నాన్న ఉపన్యాసం కబురు కూడా చదివాను. డిపో మేనేజరు తిడతాడనుకున్నాను. ఆయన భార్యతో సహా వచ్చాడు. అమ్మ దగ్గర బట్టలు కుట్టించుకున్నవాళ్లు, వాళ్ల పిల్లలు, పాత శిష్యులు, టైపింగ్ నేర్చుకునే అమ్మాయిలు, లైబ్రరీ గేటు దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. డైనోసార్ల మీటర్ల కోసం పిల్లలు కొట్టుకున్నారు. ఖాకీ దగ్గర ఒక మనిషి తక్కువైతే నేను లైబ్రేరియన్ చేతిలో గుడ్డ పెట్టాను. పాపం, ఆయన వాటాకి సూక్ష్మజీవులొచ్చాయి.

వీధిలో మొదటి కొస మెకానిక్ బాబాయ్ పట్టుకున్నాడు. నాన్న అక్కణ్ణించి నడక మొదలుపెట్టాడు. చేతిలో సుద్దముక్క లేదు, కాగితం లేదు. ఒక్కొక్కరి ముందూ ఆగి వాళ్ల చేతిలో ఏముందో చెప్తూ మెట్లెక్కాడు. ఇక్కడ నేల చల్లబడింది. ఇక్కడ సముద్రాలు. ఇదిగో, ఈ కండక్టరు చేతిలో మొదటి ప్రాణి, మీ అందరి ముత్తవ్వకి ముత్తవ్వ. మెట్ల మలుపులో మనం పీల్చే గాలి పుట్టింది. "మరి నా చేతిలో ఏముంది మాస్టారూ?" అని లైబ్రేరియన్ అడిగితే, "మీ చేతిలో ఓపిక ఉంది. అది లేకపోతే తర్వాతివేవీ రావు," అన్నాడు. ఇంట్లో కథలు చెప్పే నాన్న, అదే గొంతు, అదే కళ్లు. చూస్తూంటే నాకు ఏడుపొచ్చింది. సంతోషంతోనే.

హాల్లోకి వచ్చేసరికి కుర్చీలు నిండి జనం గోడలకి ఆనుకుని నిలబడ్డారు. చేపలు, చెట్లు, డైనోసార్లు గడిచిపోయాయి. "ఇక మిగిలింది మూరన్నర గుడ్డ," అంటూ నాన్న స్టేజీ మీద బల్ల దగ్గరికి చేరి ఆఖరి కొస పైకెత్తాడు.

ఎత్తి, ఆగాడు. తిప్పి చూశాడు. వేలితో అంచంతా తడిమాడు. ఎర్రదారం లేదు.

ముందు వరసలో కూర్చున్న బామ్మ గొంతు సాఫీ చేసుకుంది. "అంతా బాగుంది నాయనా. మరి మనమెక్కడ?"

నాన్న చెయ్యి సుద్దముక్క కోసం జేబు తడుముకుంది. మొదటి ఆదివారంనాటి కొయ్యబారిన మొహం మళ్లీ వచ్చేస్తోంది. అప్పుడు వెనక వరసలో అమ్మ లేచి నిలబడింది.

"ఏవండీ," అంది. ఆవిడ గొంతు అంతమందిలో వినడం నాకదే మొదటిసారి. "అంచు మడిచి కుట్టేశాను."

అందరూ వెనక్కి తిరిగారు.

"అలా వదిలేస్తే పోగులూడిపోతాయని... సంచిలో పెట్టేముందు... చేతికి అలవాటైపోయింది." అమ్మ కొంగు వేలికి చుట్టుకుంటోంది. జన్మలో ఏ గుడ్డనీ అంచు మడవకుండా వదల్లేదు ఆవిడ. భూమిని మాత్రం ఎలా వదులుతుంది?

దశాంశ బిందువు ఒకటి తప్పు పడిందని రెండు రోజులు అన్నం సరిగా తినని మనిషి మా నాన్న. ఆయన ఏమంటాడోనని నేను చూస్తున్నాను. ఆయన బల్ల వెనక ఉన్న తన కుర్చీ తీసుకొచ్చి స్టేజీ మధ్యలో వేశాడు.

"రావోయ్. కూర్చో. నువ్వే విప్పు."

అమ్మ వచ్చి కూర్చుంది. చేతిసంచిలోంచి చిన్న కత్తెర తీసి కుట్టు తర్వాత కుట్టు తెంపడం మొదలుపెట్టింది. నాన్న జనం వైపు తిరిగాడు. "మా ఆవిడ మూడు సెంటీమీటర్లు మడిచింది. అంటే ముప్ఫై లక్షల ఏళ్లు. నిప్పు రాజెయ్యడం, మాట నేర్వడం, పంట పండించడం, చక్రం, బస్సు, ఈ ఫ్యాను, ఆ ఫ్యాను కింద మీరు, అందరం ఆ మడతలోనే ఉన్నాం. కాస్త ఓపిక పట్టండి, తీస్తోంది."

హాలంతా గొల్లుమంది. గుడ్డ పట్టుకున్నవాళ్లు మాట ఒకళ్ల నుంచి ఒకళ్లకి అందించుకుంటున్నారు. మనుషులు తప్పిపోయారట. ఎక్కడ? అమ్మగారు మడిచేశారట. మెట్ల మీదనుంచి కిందికి నవ్వు వెళ్లడం వినబడుతోంది. కాసేపటికి వీధిలోంచి ప్రశ్న పైకొచ్చింది: "దొరికారా?" ఇంకా లేదని జవాబు కిందికి వెళ్లింది.

అమ్మ ఆఖరి కుట్టు తెంపి, మడత విప్పి, బొటనవేలితో చదును చేసింది. కొసన సన్నగా ఎర్రగీత.

నాన్న బామ్మని చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చాడు. ఆవిడ వంగి, కళ్లజోడు సర్దుకుని చూసింది.

"ఇంతేనా నాయనా?"

"ఇంతేనండీ. మనకి తెలిసిన రాజులూ యుద్ధాలూ చదువులూ అన్నీ కలిపితే ఇందులో ఒక్క పోగంత కూడా లేవు."

"ఇంత సన్నగా ఉండి ఎంత గొడవ చేస్తున్నాం!" అంది బామ్మ.

ఆ తర్వాత చప్పట్లు. ఫ్యాన్ల చప్పుడు కూడా వినబడలేదు. "దొరికారు! దొరికారు!" అని కేక డైనోసార్ల మీదుగా, ఖాకీ మీదుగా, మెట్లు దిగి వెళ్లింది. హాలు నిమ్మళించి అందరూ కూర్చోబోతూండగా, అప్పుడు వచ్చింది వీధిలోంచి మెకానిక్ బాబాయ్ ఈల, దాని వెనకే అరుపులు.

నాన్న వేలెత్తాడు. "విన్నారా? భూమి పుట్టిన చోటికి కబురు ఇప్పుడు చేరింది. నక్షత్రాల సంగతి చెప్పాను చూడండి, అదే ఇది."

మళ్లీ చప్పట్లు. నాన్న మొహం చాటంత అయింది. అమ్మ కుర్చీలోంచి లేవబోతే భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాడు.

తలుపు దగ్గర్నుంచి లైబ్రేరియన్ కేకేశాడు. "మాస్టారూ, చేతులు లాగుతున్నాయి. ఇక వదలొచ్చా?"

"హాలు ఇస్తానంటే వదులు నాయనా," అంది బామ్మ.

"ఇస్తానమ్మా ఇస్తాను. టైపింగ్ వాళ్లకి ఇంకో గది చూస్తాను."

మర్నాడు మిషను చప్పుడుకి నాకు మెలకువ వచ్చింది. చప్పుడు వెనకనుంచి కాదు, ముందుగదిలోంచి. నేను కళ్లు నులుముకుంటూ వెళ్లేసరికి మిషను కిటికీ పక్కన పాత చోట్లో ఉంది. నాన్న, మెకానిక్ బాబాయ్ కలిసి మోసుకొచ్చారట. చెమటతో తడిసిన చొక్కాతో నాన్న పక్కనే పడక్కుర్చీలో కూర్చుని ఏదో రాసుకుంటున్నాడు. చప్పుడుకి ఆలోచన చెదురుతున్నట్టేమీ లేదు.

అమ్మ చేతిలో ఆ గుడ్డ కొస ఉంది.

"మళ్లీ మడవకు," అన్నాడు నాన్న తలెత్తకుండా.

"మడవనులెండి. అలాగని వదిలేస్తే పోగులూడతాయి. ఊడితే ముందు పోయేది మనమే."

నాన్న కలం ఆగింది. ఆవిడ వంక చూసి, లేచి వెళ్లి, గుడ్డ ముడత పడకుండా రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. అమ్మ సూదిలో దారం ఎక్కించి, ఎర్రగీత బయటికే కనబడేలా, అంచు మీద సన్నగా కుట్టు వేసుకుంటూ వెళ్లింది. కిటికీలోంచి వెలుతురు బాగా పడుతోంది. ఆ రోజు అమ్మ వెలుతురు గురించి ఏమీ అనలేదు.

నేను డ్యూటీకి వెళ్లి ఎంక్వయిరీ కిటికీ తెరిచేసరికి మూటలతో ఒకాయన నిలబడి ఉన్నాడు.

"అమ్మా, ఈసారి ఎప్పుడు?"

"ఏ బస్సండీ?"

"బస్సు కాదమ్మా. నిన్న నేను చేపల దగ్గర పట్టుకున్నాను. మాస్టారు, అమ్మగారు మళ్లీ ఎప్పుడు చెప్తారు?"

నేను మైకు స్విచ్చి నొక్కి, డిపో అంతా వినబడేలా జవాబు చెప్పాను.